బొగ్గుబండిలో పులిహోర

“వండనంటే వండను. ఎన్నిసార్లు చెప్పాల?” అన్నది కృష్ణకుమారి, చేతిలోని చేటను కింద పెట్టి.

“నేను మాటిచ్చినానే!” అన్నాడు భర్త నాగభూషణం. “పొదిలి నుంచి ఇద్దరు షావుకార్లు మనతో వస్తన్నారు. ‘అన్నం సంగతి నాకొదిలేయండి, మా ఇంటి పులిహోర తిందురుగాని’ అని వాళ్లకు చెప్పినా.”

“మీకే కదా వదిలేసింది? మీరే వండండి.”

మంచం మీద పడుకుని ఫోను చూస్తున్న మరిది కరుణాకరం పకపకా నవ్వాడు. “అన్నకు పొయ్యి ముట్టించడం కూడా రాదు వదినా!”

మర్నాడు ఒక్కరోజుకు రైల్వేవాళ్లు ఆవిరి ఇంజన్‌తో ప్రత్యేక బండి నడుపుతున్నారు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఎక్కితే గిద్దలూరు మీదుగా నల్లమలలోకి పోయి, సొరంగం దాటి నంద్యాల చేరుతుంది. సాయంత్రానికి మళ్లీ వెనక్కి. ఆ మాట విన్నప్పటి నుంచి బజారంతా ఇదే ముచ్చట.

“తెల్లారుజామున లేచి వండి, రైల్లో నిలబడి వడ్డించి, గిన్నెలు సర్దేసరికి సొరంగం దాటిపోతది,” అన్నది కృష్ణకుమారి. “మొన్న మహానంది పోయినప్పుడు నేను గుడి చూసినానా? బస్సు డిక్కీ చూసినా.”

“సొరంగంలో చూసేదానికి ఏముందే? చీకటి.”

“ఆ చీకటే చూస్తా. కిటికీ పక్కన కూర్చోని చూస్తా.”

నాగభూషణం, గడప దగ్గర కూర్చుని కరివేపాకు దూస్తున్న తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, నువ్వన్నా చెప్పు. షావుకార్ల ముందర నా పరువేం కావాల?”

“నన్నెందుకు లాగుతావు నాయనా? చేతిలో పనుంది,” అన్నది రామతులసమ్మ తలెత్తకుండా.

కృష్ణకుమారి అత్తగారి పళ్లెంలోని కరివేపాకు వైపు చూసింది.

“సరే,” అన్నది చివరికి. “పులిహోరకు కావాల్సినవన్నీ క్యారేజీలో సర్దుతా. సరేనా?”

“అట్ల రా దారికి!” అన్నాడు నాగభూషణం. అప్పటికప్పుడు తన పాత్రల దుకాణానికి పోయి, అమ్మకానికి పెట్టిన స్టీలు క్యారేజీల్లో అన్నిటికన్నా పెద్దది పట్టుకొచ్చాడు.

తెల్లవారి ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం. నల్లటి ఇంజన్ బుసలు కొడుతూ వచ్చి ఆగింది. అందరూ ఇంజన్ దగ్గర ఫొటోలు దిగుతుంటే, అత్తాకోడళ్లిద్దరూ పెట్టెలోకి ఎక్కి, ఎదురెదురుగా రెండు కిటికీలూ పట్టుకున్నారు. క్యారేజీ సీటు కిందకు తోశారు.

“వదినా, ఆ కిటికీ నాకియ్యవా? వీడియో తీయాల,” అన్నాడు కరుణాకరం.

“వీడియో ఎందుకబ్బాయ్? నేను చూసి చెప్తాలే.”

తర్లుపాడు దాటింది, కంభం దాటింది. కంట్లో బొగ్గు నలుసు పడ్డా కృష్ణకుమారి కిటికీ వదల్లేదు. షావుకార్లు పత్తి ధర గురించి మాట్లాడుకుంటూ మధ్య మధ్య సీటు కిందికి చూస్తున్నారు. గిద్దలూరులో ఇంజన్‌కు నీళ్లు పట్టేంతసేపు బండి ఆగింది. రామతులసమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు రెండు పొట్లాలు కొని, ఒకటి కోడలి ఒళ్లో పెట్టింది.

“వాటితో కడుపు నింపుకోవద్దమ్మా! పులిహోర ఉంది,” అన్నాడు నాగభూషణం.

“ఉండనీ నాయనా, ఎక్కడికి పోతది?”

దిగువమెట్ట దాటాక అడవి దగ్గరకొచ్చింది. షావుకార్లు ఒళ్లో కాగితాలు పరుచుకున్నారు. నాగభూషణం భార్య భుజం తట్టాడు. “లెయ్. సొరంగం వచ్చేలోపల వడ్డించు. తర్వాత మసి పడతది.”

“సొరంగం చూసినాక.”

“ఏంది నీ మొండితనం? పెద్దమనుషులు ఆకలితో ఉన్నారు!”

ఇంజన్ పొడుగ్గా కూత వేసింది. దడదడా కిటికీలు దించారు. కృష్ణకుమారి దించలేదు. ఒక్కసారిగా చీకటి కమ్మింది. ఇంజన్ చప్పుడు రాతిగోడలకు కొట్టుకుని పదింతలై తిరిగొచ్చింది. ముందెక్కడో నిప్పు వెలుగు గోడ మీద ఎర్రగా పాకి ఆరిపోయింది. పొగకు అందరూ మూతులకు గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం కళ్లార్పకుండా ఆ చీకటినంతా చూసింది.

వెలుతురు వచ్చేసరికి ఆమె మొహమంతా మసి. ఆ మసిలోంచి నవ్వుతోంది.

నాగభూషణానికి ఒళ్లు మండింది. తనే క్యారేజీని సీటు కిందనుంచి లాగి మూత తీశాడు. పై గిన్నెలో కరివేపాకు. దాని కింద గిన్నెలో బియ్యం, పచ్చి బియ్యం. మరోదాంట్లో చింతపండు, ఎండుమిరపకాయలు. అడుగు గిన్నెలో పోపుగింజలు, పసుపు, ఉప్పు, నూనె సీసా.

“ఏందిది?” అతను నూనె సీసాను పైకెత్తి పట్టుకున్నాడు.

“పులిహోరకు కావాల్సినవన్నీ,” అన్నది కృష్ణకుమారి. తర్వాత భర్తనూ మరిదినీ అత్తగారినీ వరసగా చూసి, గొంతు పెంచకుండా చెప్పింది. “వండనని నిన్ననే చెప్పినా. ఈ రోజు నేను ప్యాసింజర్ని. ఇకమీదట ఇంటిల్లిపాదీ ఏ ఊరు పోయినా నేను ప్యాసింజర్నే.”

షావుకార్లలో ఒకాయన ఒళ్లోని కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“చూసినావా అమ్మా, నీ కోడలి పని!” అన్నాడు నాగభూషణం.

రామతులసమ్మ ఆఖరి వేరుశనక్కాయ వొలిచి నోట్లో వేసుకుంది.

“చూసేదేముంది నాయనా? నీళ్లు గిద్దలూర్లో పట్టినారు. నిప్పు ఇంజన్లో ఉంది, నువ్వు ముట్టించే పని కూడా లేదు. పోయి ఎసరు పెట్టుకో. కరివేపాకు మాత్రం కడగబాక, రాత్రే నేను కడిగి సర్దినా.”