అసలు పుట్టినరోజు

రేణిగుంట సీసాల ఫ్యాక్టరీలో నలభై మందిని తీసేస్తారన్న పుకారు పుట్టి వారం కాలేదు, గేటు మీద కొత్త బోర్డు వెలిసింది. ‘మనమంతా ఒకే కుటుంబం.’

పెట్టించింది కొత్త పర్సనల్ మేనేజరు చక్రధర్. మద్రాసులో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చాడు. ఇక మీదట ప్రతి కార్మికుడి పుట్టినరోజూ కంపెనీయే చేస్తుందట. కేకు, శాలువా, చప్పట్లు.

తీరా రిజిస్టరు తెరిస్తే సగం మంది జూలై ఒకటినే పుట్టి ఉన్నారు. చుట్టుపక్కల తల్లులంతా కూడబలుక్కుని కన్నట్టు! బడిలో చేర్చుకున్న అయ్యవార్లు తోచింది రాసి పడేసిన పుణ్యం అది.

“ఇవి కాదు, అసలువి తెండి. మన ఇంట్లో వాళ్ల పుట్టినరోజు మనకే తెలియకపోతే ఎలా?” అన్నాడు చక్రధర్.

బట్టీ దగ్గర పనిచేసే కుప్పయ్య కరిగిపోయాడు. పంతొమ్మిదేళ్లుగా అక్కడ అతన్ని ‘ఏయ్’ అనే పిలిచారు. పుట్టినరోజు సంగతి దేవుడెరుగు, పేరడిగిన పాపాన పోయిన వాడు లేడు. పైగా ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. కూతురు నవీన నర్సింగులో ఇప్పుడే చేరింది.

“సార్, ఆ నలభై మంది...” అని నసిగాడు.

“ఇంట్లో మనుషుల్ని ఎవరైనా బయటికి పంపుతారా కుప్పయ్యా?”

అంతే. ఆదివారం కుప్పయ్య పూతలపట్టు బస్సెక్కాడు. మేనమామ ఇంట్లో అటకంతా గాలించి, తాత రాయించిన జాతకం పట్టుకొచ్చాడు.

“ఇన్నేళ్లు లేంది ఇప్పుడేం పుట్టినరోజయ్యా నీకు?” అంది భార్య గంగులమ్మ.

“నీకు తెల్దులేమే. మనసేత కేకు కోయించినోళ్లు రేపు పన్లోంచి తీసేస్తారా? మొగమాటమన్నా ఉండదా?”

ఆ రోజు రానే వచ్చింది. క్యాంటీన్లో అందరూ చేరారు. కేకు మీద అతని పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. చక్రధర్ స్వయంగా శాలువా కప్పాడు. కేకు ముక్క నోట్లో పెట్టాడు. జాతకాన్ని అందరికీ ఎత్తి చూపించాడు. చప్పట్లు మోగాయి. కుప్పయ్య ఏడుపు ఆపుకోలేకపోయాడు.

“మా నాయన గూడా నాకిట్ల సెయ్యలేదు సార్.”

చక్రధర్ అతని భుజం తట్టి, చేతిలో ఒక కవరు పెట్టాడు.

కుప్పయ్య కళ్లు తుడుచుకుని విప్పి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు: ‘మన కుటుంబ సభ్యుడు కుప్పయ్యకు, మీరే స్వయంగా సమర్పించిన జాతకం ప్రకారం మీ పదవీ విరమణ వయసు రెండేళ్ల కిందటే దాటినందున, రేపటి నుంచి మీరు పనికి రానవసరం లేదు.’