జాంగ్రీ పెట్టిన మిల్లు

ఆ రోజుల్లో రాజపాళయంలో ఒక మిల్లు మంచిదో కాదో తేల్చడానికి అందరికీ తెలిసిన పద్ధతి ఒకటే. ఏడాది మీటింగులో వాటాదారులకు ఏం వడ్డించారో అడగడం.

యాభై ఎనిమిదిలో ఒక మిల్లు జాంగ్రీ వడ్డించింది. డివిడెండు కూడా పెంచింది. ఇంకేం, ఊరంతటికీ నోరూరింది.

చెల్లమ్మకూ ఊరింది.

ఆ మిల్లు షేర్లు ఎవరో అమ్ముతున్నారని బ్రోకరు దామోదరన్ కబురు చేస్తే, డబ్బు కొంగున ముడేసుకుని వచ్చింది. బ్రోకరు ఇంకా భోజనం దగ్గర్నుంచి లేవలేదు. అరుగు మీద ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“షేరు కొనేదానికి వచ్చినావామ్మా? ఇంటాయన రాలేదా?”

“ఆయన పోయి ఏడాదైంది. ఇద్దరు పిల్లలు. చోళపురం చేను అమ్మిన దుడ్డు ఇది. ఇంక దీంతోనే బతకాల.”

పెద్దాయన ఆమె కొంగు ముడి వైపు చూశాడు.

“ఆ మిల్లే ఎందుకమ్మా?”

“డివిడెండు ఎక్కువంట. మీటింగులో జాంగ్రీ వేసినారంట.”

“నేనూ తిన్నానులే. అది యాడనుంచి వస్తా ఉండాదో అడిగినావా?”

“లాభంలోనుంచే కదా.”

“ఈ నడుమ పత్తి బండ్లు మిల్లు లోపలికి పోయేది చూసినావా? రాత్రి షిఫ్టు నిలిపేసినారు. పాత మిషన్లు మార్చలేదు. విత్తనపు వడ్లు దంచి విందు పెడితే ఆ దినానికి రుచిగానే ఉంటాది. మరుసటేడు ఏమి చల్లేది?”

చెల్లమ్మకు ఒళ్లు మండింది. మంచి బేరం చెడగొట్టడానికే కూర్చున్నాడనుకుంది.

“నన్ను పంపించేసి మీరే కొందామని చూస్తా ఉండారా?”

ఆయన నవ్వాడు.

“నా దగ్గర దుడ్డు యాడుండాది? తక్కువిచ్చినా ఏటేటా ఇచ్చే మిల్లు చూడు తల్లీ. లాభంలో కొంచెం మిగిలించి కొత్త మిషను కొనేవాళ్లను నమ్ము.”

గొడుగు విప్పుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

చెల్లమ్మ తిట్టుకుంటూనే మిల్లు గేటు దాకా నడిచింది. సాయంత్రం వరకూ నిలబడింది. ఒక్క పత్తి బండీ రాలేదు. కొంగు ముడి విప్పకుండానే ఇల్లు చేరింది.

ఏడాది తిరక్కుండానే ఆ మిల్లు మూతపడింది. షేర్లు చిత్తు కాగితాలయ్యాయి. చెల్లమ్మ కొన్న వేరే మిల్లు మీటింగులో ఉత్త కాఫీ పోశారు. డివిడెండు మాత్రం తప్పకుండా ఇంటికొచ్చింది.

అంతటి మనిషిని అనుమానించినందుకు ఆమెకు సిగ్గేసింది. కొత్త పంచె, పండ్లు పట్టుకుని దామోదరన్ దగ్గరికి వెళ్లింది.

“ఆ దినము నీ అరుగు మీద గొడుగుతో కూర్చున్నాయన ఎవురు తమ్ముడా?”

“సత్రపట్టి శంకరలింగం. ఇప్పుడు ఊర్లో లేడక్కా. ఇల్లు కూడా అమ్ముకొని పోయినాడు. యాడికని ఎవురికీ తెలీదు.”

“అయ్యో, ఆయనకేమి కష్టం వచ్చింది?”

దామోదరన్ ఆమెను వింతగా చూశాడు.

“ఆ దినము నీకు షేర్లు అమ్మేదానికి వచ్చింది ఆయనే కదక్కా.”