తిరుగుటపా

"విప్పండి," అంది కొత్త డైరెక్టరు.

ఆమె బల్ల మీద మెరుపు కాగితం చుట్టిన పెట్టె ఒకటి ఉంది. బల్లకి ఇటువైపు సబ్బుల ఫ్యాక్టరీ కొనుగోళ్ల అధికారి నిలబడి ఉన్నాడు. ఆయన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.

"నేను విప్పను మేడమ్. ఎప్పుడూ విప్పలేదు."

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తిరుగుటపా గారంటారు. ఎదురుగా కాదు లెండి. సబ్బులకి కావలసిన అట్టపెట్టెలు ఎవరి దగ్గర కొనాలో తేల్చేది ఆయనే. సంవత్సరాఖరుకి వ్యాపారులు పంపే కానుకలన్నీ ఆయన ఇంటిదాకా వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోతాయి. వెంట ఒక మర్యాద ఉత్తరం పెడతాడు. మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి, కానుక మాత్రం తీసుకోలేను అని.

అందరిలోకీ అట్టపెట్టెల వ్యాపారిది మహా పట్టుదల. మొదటి ఏడు చేతిగడియారం పంపాడు. తిరుగుటపా గారు తెలియక దాన్ని విప్పాడు. తిప్పి పంపేటప్పుడు ఉత్తరం కింద ఇంకో ముక్క చేర్చాడు. ఇకమీదట మీరేం పంపినా విప్పకుండానే వెనక్కి వస్తుందని. అయినా ఆ మహానుభావుడు మానితేనా. ఏటా కొత్త కాగితం, కొత్త రిబ్బను, 'మీకోసం ప్రత్యేకంగా ఎంచినది' అంటూ స్వయంగా రాసిన చీటీ. పెద్ద పార్టీకి ఏమీ పంపకపోతే చిన్నచూపు చూసినట్టవుతుందని, అది వ్యాపార మర్యాద కాదని ఆయన పట్టు. అలా పన్నెండేళ్లు గడిచాయి.

ఈ ఏడు పెట్టె ఇంటికొచ్చిన రోజే తిరుగుటపా గారికి జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. పెట్టె బీరువా పక్కనే ఉండిపోయింది. పదో రోజు డైరెక్టరుకి ఆకాశరామన్న ఉత్తరం అందింది. ఇన్నేళ్లుగా ఒకే మనిషి దగ్గర అట్టపెట్టెలు ఎందుకు కొంటున్నారో తెలియాలంటే ఆ అధికారి ఇంట్లో బీరువా పక్కన చూడండి అని అందులో ఉంది. ఉత్తరం సంగతి చెప్పి, పెట్టెతో సహా వెంటనే రమ్మని ఆయనకి కబురు పంపారు.

ఎవడు రాసుంటాడు? పలకరించడానికి వచ్చినవాళ్లందర్నీ పేరుపేరునా తలుచుకున్నాడు. పళ్లు తెచ్చిన ప్రతి చెయ్యీ ఉత్తరం రాసిన చెయ్యిలాగే కనిపించింది.

అంతకన్నా పెద్ద అనుమానం ఇంట్లోనే ఉంది. భార్య ఏటా ఒకే మాట అడుగుతుంది. "ఒక్కసారి విప్పి చూసి మళ్లీ అంటించేద్దామండీ. ఏముందో తెలిస్తే చాలు." ఈసారి ఆయన తొమ్మిది రోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడాయె. పొద్దున బయల్దేరే ముందు టేపు అంచులు గోటితో గీరి చూసి, విప్పావా అని అడిగాడు.

"నన్ను కూడా అనుమానిస్తే ఇంక నేనేం చెప్పను," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

అంటే విప్పినట్టా, విప్పనట్టా? దారి పొడుగునా ఆయనకి అదే గోల.

డైరెక్టరు పెట్టెని తూయించింది. మూడు కేజీలకి కాస్త తక్కువ.

"ఇంత చిన్న పెట్టెకి ఇంత బరువేమిటి?"

"ఏటా ఇంతే ఉంటుంది మేడమ్."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ఏటా ఎత్తి చూసుకుంటున్నానని తనే ఒప్పుకున్నట్టయింది. డైరెక్టరు ఏదో కాగితం మీద రాసుకుంది. ఖరీదైనదేదైనా బయటపడితే ఇవాళే మీకు ఆఖరి రోజు అని మెల్లగానే చెప్పింది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఉద్యోగం మాట అలా ఉంచండి, దొంగ అన్న పేరుతో ఆ గేటు దాటడం ఆయన వల్ల కాదు.

అట్టపెట్టెల వ్యాపారిని కూడా పిలిపించారు. నవ్వు మొహంతోనే గదిలోకి వచ్చాడు. బల్ల మీద పెట్టెని చూడగానే ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు.

మీ కానుక మీరే విప్పి చూపించండి అంది డైరెక్టరు. వ్యాపారి పెట్టెని ముట్టుకోలేదు. ఈ అధికారి అడిగితే ఇచ్చారా, మీ అంతట మీరే ఇచ్చారా అని ఆమె రెట్టించింది. వ్యాపారి చేతులు జోడించాడు.

"ఆయన చాలా మంచివారు మేడమ్. నేను దీన్ని తీసుకెళ్లిపోతాను. కావాలంటే వచ్చే ఏడు ఆర్డరు కూడా ఇవ్వకండి. ఇక్కడ మాత్రం విప్పొద్దు."

కాళ్లావేళ్లా పడి ఆర్డరు అడిగేవాళ్లని ఆమె చూసింది గానీ, వద్దని బతిమాలేవాణ్ణి చూడడం అదే మొదలు. ఆమె చూపు పెట్టె మీంచి తిరుగుటపా గారి మీదికి వచ్చి అక్కడే ఆగింది.

తిరుగుటపా గారు మనసులో లెక్క వేసుకున్నాడు. మూడు కేజీలు. బంగారం కాదు కదా? ఇన్నేళ్లూ దాన్ని తన చేతులతోనే మోసి తిప్పి పంపాడా? ఒక్క క్షణం అయ్యో అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది.

డైరెక్టరు సొరుగులోంచి కత్తెర తీసింది. వ్యాపారి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. రిబ్బను తెగింది. మెరుపు కాగితం ఊడింది. ఆమె అట్టపెట్టె మూత ఎత్తి, లోపలున్నదాన్ని రెండు చేతులా తీసి బల్ల మీద పెట్టింది.

అది ఇటుక, దానికి చుట్టిన న్యూస్‌పేపరు మీద తేదీ పదకొండేళ్ల కిందటిది.