దొరసాని చచ్చిన ఉదయం

తెడ్డు మొదటి దెబ్బకే ఆర్గిరిస్ ముక్కు పగిలింది. రెండోది భుజం మీద పడింది. మూడో దెబ్బకి తెడ్డే విరిగింది. చేతిలో మిగిలిన ముక్క పారేసి, స్తమాతిస్ తన కొడుకుని పిడికిళ్లతో కుమ్మడం మొదలుపెట్టాడు.

"రాసుకోరా! ఇది కూడా రాసుకో! రాసుకోవడమే కదా నీ చదువు!"

రేవులో జనం చోద్యం చూస్తూ నిలబడ్డారు. మా గ్రీకు దీవిలో తండ్రీకొడుకుల మధ్యకి ఎవరూ వెళ్లరు. పైగా అందరి కళ్లూ గులకరాళ్ల మీద పడి ఉన్న దొరసాని మీదే ఉన్నాయి.

దొరసాని అంటే ఒక ముసలి ఆడ సీల్, చేపలు తిని బతికే సముద్ర జంతువు. ఎవరు వల వేసినా మొదటి వాటా తనదే అన్నట్టు చింపి తినేసి పోయేది. అందుకే ఆ పేరు. ఇప్పుడు దాని మెడ కింద రెండు లోతైన గాయాలు, పక్కనే పైపైన గీరుకుపోయిన మూడోది. మూడు మొనల బల్లెం, అందులో ఒక మొన సగానికి విరిగింది. అలాంటిది దీవి మొత్తానికి ఒక్కటే ఉంది. అది స్తమాతిస్‌ది.

అతను దాన్ని చంపుతానని అనని రోజు లేదు. వల చిరిగినప్పుడల్లా కాఫీ కొట్లో బల్ల గుద్ది మరీ ఒట్టేసేవాడు. "మా ఆయన పన్నెండేళ్లుగా రేపే చంపుతానంటున్నాడు," అని పెళ్లాం దెస్పినా నవ్వేది.

కొడుకు సంగతి వేరు. చిన్నప్పటినుంచీ ఆర్గిరిస్ ఈలేస్తే చాలు, దొరసాని పడవ పక్కకొచ్చి తల పైకెత్తేది. ఆ పిచ్చితోనే జీవశాస్త్రం చదివాడు. సీల్ నీళ్లలో ఎలా వింటుందో తేలుస్తానని డాక్టరేట్‌కి దరఖాస్తు పెట్టాడు. ముందటేడు కాదన్నారు. నిరుడూ కాదన్నారు. ఈసారి కూడా కాదంటే ఇక నాన్నతో వల లాగడమే గతి. గురువారం ఏథెన్స్‌లో ఇంటర్వ్యూ. ఉన్నది ఒక్క సీటు.

సీల్‌ని చంపితే చట్టప్రకారం జైలే. దొరసాని చచ్చిందని కోస్ట్‌గార్డుకి ఫోన్ చేసింది ఆర్గిరిసే. అందుకే ఈ దెబ్బలని రేవంతా అనుకుంది.

కోస్ట్‌గార్డు కంటే ముందు టూరిస్టు పడవల వాళ్లు వచ్చారు. దొరసానిని చూపించి బతికేవాళ్లు. తండ్రీకొడుకుల్ని విడదీసి తండ్రిని పట్టుకున్నారు.

"మా నోటికాడి కూడు లాగేశావు కదరా ముసలోడా!"

కడుపులో తన్నారు. పడిపోయాక డొక్కలో తన్నారు. ఒకడు జుట్టు పట్టుకుని అతని మొహాన్ని దొరసాని గాయాలకేసి రుద్దాడు. ఇంతసేపూ కొడుకుని చావబాదిన మనిషి వీళ్ల మీద మాత్రం చెయ్యెత్తలేదు. ఆర్గిరిస్ రక్తం కారుతున్న ముక్కుని చొక్కాతో నొక్కుకుని పక్కనే నిలబడ్డాడు.

కోస్ట్‌గార్డు అధికారి వచ్చి పడవలోంచి బల్లెం తీశాడు. మొనల మీద రక్తం ఇంకా ఆరలేదు.

"స్తమాతిస్ బాబాయ్, నువ్వేనా?"

స్తమాతిస్ ఒక పన్ను ఉమ్మేశాడు. "నేనే. పన్నెండేళ్లుగా చెప్తున్నాగా, ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎన్నింటికి పొడిచావ్?"

"అవన్నీ నా కొడుకుని అడుగు. లెక్కలు రాసే దొర వాడు."

సంకెళ్లు వేసి తీసుకుపోయారు. దీవి మొత్తం ఆ వీపు మీద ఉమ్మింది.

గురువారం ఆర్గిరిస్ ముక్కుకి పట్టీ, వాచి మూసుకుపోయిన ఒక కన్నుతో అయిదుగురు ప్రొఫెసర్ల ముందు కూర్చున్నాడు.

"ఏమైంది బాబూ నీ మొహానికి?" అని అడిగింది అందరిలోకీ పెద్దావిడ.

"మా నాన్న కొట్టాడు మేడమ్. సీల్‌ని చంపిన కేసులో ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఫోన్ చేసింది నేనే."

పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అప్పుడు అతను ఫైలు తెరిచాడు. అధికారి అనుమతితో రేవులోనే సీల్ చెవి లోపలి భాగాన్ని కోసి తీసి, చేపల పెట్టెలో మంచు మధ్య దాచానని చెప్పాడు. చావు ఆరూ పదికి. కోత ఏడూ ఇరవైకి. అన్నీ పట్టికలో ఉన్నాయి.

"ఇంత తాజా నమూనా ఇన్నేళ్లలో నా చేతికి రాలేదు," అంది పెద్దావిడ పట్టిక మీద వేలు నడుపుతూ. "నిమిషాలతో సహా ఉంది!"

"అలాంటి తండ్రికి ఇలాంటి కొడుకు!" అన్నాడు పక్కాయన.

ఆ సాయంత్రమే సీటు ఖాయమైంది.

స్తమాతిస్‌కి పద్నాలుగు నెలల శిక్ష పడింది. ఆ వారమే ఎవరో అతని పడవకి నిప్పు పెట్టారు. రేవులో నల్లటి ముక్కలు మిగిలాయి.

నెల తిరిగాక దెస్పినా ఆలివ్ పళ్లు, జున్ను పట్టుకుని జైలుకి వెళ్లింది.

"వాడికి సీటొచ్చిందయ్యా. పేపర్లో ఫొటో కూడా వేశారు. ఇకనైనా కోపం తీసెయ్. ఫోన్ చేయడం తప్ప వాడు చేసిందేముంది? దొరసాని అంటే ప్రాణం పెట్టేవాడు, ఎలా ఊరుకుంటాడు చెప్పు?"

స్తమాతిస్ విరిగిన పళ్ల సందులోంచి ఆలివ్ గింజ తీసి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పక్కటెముకలు ఇంకా అతుక్కోలేదు. ఊపిరి తీస్తే నొప్పి.

"వాడే దాన్ని ఈలేసి పిలిచి పొడిచాక కనీసం ఏడుస్తాడేమోనని ఒడ్డున నిలబడి చూశాను దెస్పినా, వాడు వాచీ చూసుకుని పుస్తకంలో టైము రాసుకున్నాడు."