తాళం వేసినవాడు

"తాళం ఏసింది నువ్వేనా, బిడ్డా?"

తారాబాయి అడగగానే పరమేష్ అలవాటుగా తల వంచాడు. "నేనే అవ్వా. సూపర్‌వైజర్ ఎయ్యమన్నడు, ఏసిన."

శామీర్‌పేటలోని ఈ చిన్న మ్యూజియంలో అతని పని అదే. మేడ్చల్‌లో సంచుల ఫ్యాక్టరీ తగలబడిన రోజు బయటినుంచి గేటుకు తాళం వేసిందెవరో ఇప్పటికీ తేలలేదు. పక్క గదిలో కాలిన చెప్పులు, నల్లబడిన టిఫిన్ డబ్బాలు చూసి వచ్చినవాళ్లకు, ఆ దోషి తానేనని పరమేష్ చెప్పాలి. వాళ్ల కోపం ఎందాకా పోతుందో మనస్తత్వ పరిశోధకురాలు డాక్టర్ వినోద అద్దం వెనకనుంచి చూస్తుంది. తిట్టేవాళ్లు తిడతారు, ఉమ్మేవాళ్లు ఉమ్ముతారు. మొన్న ఒకాయన విసిరిన చెప్పు ఇంకా మూలనే పడి ఉంది. తర్వాత వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, అతను సూరారం నాటకాల ఆర్టిస్టని ఆమే చెప్పి పంపుతుంది.

"పగ మీద పరిశోధన పరమేష్. భయపడకు, నేను చూస్తూనే ఉంటాను" అంది మొదటిరోజే.

తారాబాయి కూతురు ఆ మంటల్లోనే పోయింది. పోయిన వారం వచ్చినప్పుడు ముసలామె తిట్టలేదు, ఉమ్మలేదు. అతని ముఖంకేసి చూసి చూసి వెళ్లిపోయింది. ఇవాళ మాత్రం లోపలికి వస్తూనే తలుపుకు గడియ పెట్టింది.

"గడియ ఎందుకవ్వా?"

"నా బిడ్డ ఎంత గుద్దినా ఎవ్వరు తియ్యలె గద."

కొంగు చాటునుంచి కొడవలి బయటికొచ్చింది.

 పరమేష్ కుర్చీని తన్నేసి గోడకు కరుచుకుపోయాడు. "అవ్వా, ఆగు! నేను ఉత్త వేషం కట్టెటోణ్ణి. గిదంత నాటకం! పోయిన వారం చాయ్ తాగేటప్పుడు మేడం చెప్పలేదా?"

"చెప్పింది."

అతనికి ప్రాణం లేచివచ్చింది. "మరింకేంది?"

"అందరికి నాటకమనే చెప్తదంట. నిజంగ తాళం ఏసినోడివి నువ్వేనని నాకొక్కదానికే చెప్పింది."

పరమేష్ అద్దం మీద పడి రెండు చేతులతో బాదాడు. "మేడం! జల్దీ చెప్పున్రి! నేను కాదని చెప్పున్రి!"

గోడమీది స్పీకరు గరగరలాడింది. వినోద మాట ఏమాత్రం తడబడలేదు.

"తారాబాయీ, వీడే."

మైకు ఆగిపోయింది. వెనక చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

ఆ రోజు గేటుకు తాళం వేసింది వినోద తండ్రి.