నడవలేని ప్రయాణికురాలు

దారి అడుగుదామంటే సిబ్బందిలో మనిషన్నవాడే కనబడని, అన్నీ యంత్రాలే నడిపే విమానాశ్రయాలాయె, తల్లి వరాలమ్మ ఎక్కడ తప్పిపోతుందోనని కూతురు టికెట్టులో ‘నడవలేరు’ అని రాసి చక్రాల కుర్చీ పెట్టించింది.

గువాహటిలో దిగాక, అద్దం అవతల కూతురు కనబడగానే వరాలమ్మ లేవబోయింది. నడుముకున్న పట్టీ బిగుసుకుంది.

“వదులు తల్లీ, అదుగో మా అమ్మాయి!”

“మీరు నడవలేరండీ, పడిపోతారు,” అంది కుర్చీ మెత్తగా.

“శుభ్రంగా నడుస్తా! తోడు దొరుకుతుందని అలా రాశాం, అంతే.”

“అలాగే అనిపిస్తుందండీ, పాపం. నయమయ్యేదాకా ఇక్కడే మా ఆసుపత్రి వార్డులో ఉందురుగాని.”

కుర్చీ వెనక్కి తిరిగింది. వరాలమ్మ అరిచింది, అద్దం దాటి వినబడలేదు. మెడ తిప్పి, రెండు చేతులూ ఎత్తి పిచ్చిదానిలా ఊపింది.

అద్దం అవతల కూతురు మురిసిపోతూ తనూ చెయ్యి ఊపింది.