జాబితాలో లేని చుట్టరికం

"పోయినవారు మీకు ఏమవుతారు?" అని అడిగింది ఫోను.

తల్లి, తండ్రి, భర్త, సంతానం. అంతే, నాలుగే గడులు. అక్క మొగుడికి చోటు లేదు.

ఆమె పనిచేసే కంపెనీలో సెలవు కోసం మనుషుల్ని అడిగే రోజులు ఎప్పుడో పోయాయి. అన్నిటికీ ఈ యాపే. ఏదడిగినా సాధింపే గనక ఉద్యోగులు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టుకున్నారు.

పక్కగదిలో బావ. పొద్దున ఆరున్నరకి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. డాక్టరు చూసి, పెదవి విరిచి వెళ్లాడు. దుప్పటి కప్పి పడుకోబెట్టారు. ఆ ఊళ్లో అక్కాచెల్లెళ్లకు ఇంకెవరూ లేరు. చెల్లెలికి ఈ ఉద్యోగం వేయించింది కూడా బావే.

"ఈ పూటైనా నా పక్కనుండవే," అంది అక్క, గోడకు జారగిలబడి.

"ఎక్కడికీ వెళ్లనక్కా. ఒక్క నిమిషం, సెలవు పెట్టేస్తా."

తొమ్మిదిన్నరలోగా సెలవు మంజూరు కాకపోతే గైరుహాజరే. ఇప్పటికే రెండు పడ్డాయి. పోయిన నెల జ్వరమొచ్చి ఒకటి, పన్ను పీకించుకుని ఒకటి. రెండుసార్లూ మేనేజరు కాదన్నాడు. "రూలు అందరికీ ఒకటే," అన్నాడు తలెత్తకుండా. ఒళ్లుమండి, ఆయనతో పని మాట తప్ప మాటే మానేసింది. మూడోది పడితే పిలిచి అడిగే నాథుడుండడు. ఉద్యోగం దానంతటదే ఊడుతుంది.

టైము తొమ్మిదీ ఇరవై అయిదు.

"నీకు దణ్ణం పెడతా అత్తగారూ," అని గొణుక్కుంటూ, గడుల కింద చిన్నక్షరాల్లో ఉన్న 'ఇతరులు' నొక్కింది. మరణ ధ్రువపత్రం జతచేయమంది.

'మనిషి పోయి మూడు గంటలైనా కాలేదు, పత్రం ఎక్కణ్ణుంచి తేను?' అని టైపు చేసింది.

'మీ బాధను అర్థం చేసుకున్నాం,' అంది అత్తగారు, ఓ పువ్వు బొమ్మ పెట్టి మరీ. 'పత్రం లేకుంటే మీ మేనేజర్ ఆమోదం చాలు. అభ్యర్థన పంపుతున్నాం. ఆయన ఏనాడూ అయిదు నిమిషాలకు మించి జాప్యం చేయలేదు.'

చదివింది. మళ్లీ చదివింది. భళ్లున ఏడ్చేసింది.

"ఏమైందే?" అంది అక్క.

ఆమె నోరు తెరిచేలోగా పక్కగదిలో, దుప్పటి కింద, బావ చొక్కా జేబులో ఫోను టింగుమంది: 'మీ టీమ్ ఉద్యోగి సెలవు మీ ఆమోదం కోసం వేచి ఉంది.'